పేరు చెప్పని మనవి

"సాత్వికకి లేకపోతే నాకూ వద్దు."

అంత మాట అనేసి నేహా మళ్ళీ దుప్పటి ముసుగు పెట్టేసింది.

దీనమ్మ చేతిలో ఇస్త్రీ చేసిన తెల్ల చుడీదారు అలాగే ఉండిపోయింది. ఆదివారం పొద్దున. మధ్యాహ్నం కరోల్ బాగ్‌లో ఆరాధన, అది కాగానే బాప్తిస్మం. తొట్టి నింపడానికి నీళ్ళ ట్యాంకరు ఈపాటికి గుడి ముందు ఆగి ఉంటుంది. ఇక్కడ జనక్‌పురిలో చూస్తే, ఆ నీళ్ళలో దిగాల్సిన పిల్ల మంచం దిగనంటోంది.

"వద్దనడానికి ఇదేమన్నా కాలేజీ పిక్నిక్కంటే? దేవుడి పని. లెయ్యి."

"దేవుడి పనైతే ఓటింగ్ ఎందుకు మమ్మీ?" ముసుగులోంచే వచ్చింది జవాబు. "సదాశివరావు అంకుల్ ఓకే అంటే సాత్విక పాస్, లేకపోతే ఫెయిల్. యే క్యా బాత్ హుయీ? ఇదేం న్యాయం?"

"ఓటింగంటావేందే! సంఘం అంగీకారం అది. మీ తాతల కాలం నుంచీ ఉన్న పద్ధతి."

పద్ధతి నిజమే. బాప్తిస్టు సంఘంలో చంటిపిల్లల నెత్తిన నీళ్ళు చల్లడం ఉండదు. బుద్ధి తెలిసిన మనిషి తనంతట తానే వచ్చి, అందరి ముందూ నిలబడి, ప్రభువును ఎట్లా నమ్ముకున్నదీ సాక్ష్యం చెప్పాలి. విన్న సభ్యులు చేతులెత్తి ఒప్పుకోవాలి. అప్పుడు గానీ కాపరి, అంటే పాస్టరు, ఆ మనిషిని నీళ్ళలో ముంచడు. దీనమ్మ పెళ్ళికి ముందు కావలిలో అలాగే నిలబడింది. అప్పుడు ఎత్తిన చేతులు చూసి ఆమె భయపడలేదు. ఇప్పుడు తలుచుకుంటేనే భయం.

"ఏందంట గొడవ?"

ఎలియాజరు బాత్రూము గుమ్మంలో నిలబడ్డాడు. సగం మొహానికి సబ్బు నురగ. ఆఫీసులో పై అధికారి తిట్టినా టీ తాగి మరిచిపోయే మనిషి. సంఘంలో మాత్రం చిన్న మాట పడినా వారం రోజులు అన్నం సహించదు.

"సాత్వికని ఈ రోజు ఆపేస్తారంట. అందుకని ఇదీ రానంటోంది" అంది దీనమ్మ.

"ఆ సుభద్ర కూతురు ఏం చేసుకుందో మనకెందుకు? నువ్వు వెళ్తావు, సాక్ష్యం చెప్తావు, దిగుతావు. అంతే."

నేహా దిగ్గున లేచి కూర్చుంది. జుట్టంతా మొహం మీద పడింది.

"తనేం చేసుకోలేదు డాడీ! రోజూ నాతోనే మెట్రోలో వస్తుంది, నాతోనే వెళ్తుంది. తనకి ఏ అబ్బాయీ లేడు. ఎవరో ఝూట్ చెప్పారు. లేడీస్ మీటింగులో."

"ఎవరు?"

"అదే ఎవరూ చెప్పట్లేదు." నేహా కళ్ళు తల్లి మీదికి తిరిగాయి. "నువ్వు గురువారం అక్కడే ఉన్నావు కదా మమ్మీ. హనుమాయమ్మ ఆంటీ అట్లా ప్రేయర్ చేస్తుంటే, సాత్విక అలాంటిది కాదని నువ్వెందుకు చెప్పలేదు? నీకు తను చిన్నప్పట్నుంచీ తెలుసు కదా."

దీనమ్మ చుడీదారు మడత విప్పింది. మళ్ళీ మడిచింది.

"ప్రార్థన మధ్యలో మాట్లాడతారంటే ఎవరన్నా? కళ్ళు మూసుకుని ఉన్నా."

"తర్వాత కళ్ళు తెరిచావు కదా?"

పాలు పొంగుతాయంటూ దీనమ్మ వంటింట్లోకి పోయింది. స్టవ్వు మీద పాలే లేవు.

*

తెల్ల చుడీదారు వంటగట్టు మీద పెట్టి, ఆ గట్టే పట్టుకుని నిలబడింది.

దీనమ్మకు భయం కొత్త కాదు. గీజరు పేలుతుందేమోనని భయం. మెట్రో తలుపుల్లో నేహా చున్నీ ఇరుక్కుంటుందేమోనని భయం. భర్త బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, ఆసుపత్రిలో తెల్లదుప్పటి దాకా వెళ్ళిపోతుంది ఆలోచన. ఇన్నేళ్ళలో తను ముందుగా భయపడిన కీడు ఒక్కటీ జరగలేదు. అందుకే భయపడటం కూడా ఒక కాపలా కాయడమేనని ఆమె నమ్మకం.

మొన్న సోమవారం సాయంత్రం బాల్కనీలో బట్టలు తీయబోతే, నేహా ఫోన్లో మాట్లాడుతూ కనిపించింది. ఎప్పటిలా గలగలా కాదు. గొంతు తగ్గించి, హిందీలో, మధ్య మధ్య నవ్వుతూ. "రఘూ, తుమ్ భీ నా..." అంది. తల్లి అడుగుల చప్పుడు వినగానే, "ఠీక్ హై, బై" అని పెట్టేసింది.

ఎవరంటే ఫ్రెండంది. ఏ ఫ్రెండంటే కాలేజీ ఫ్రెండంది. అంతే.

దీనమ్మ బుర్రలో అప్పటికప్పుడే నేహా ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఎలియాజరు గుండె పట్టుకుని కూలబడ్డాడు. సంఘం ఆ కుటుంబాన్ని వెనక బెంచీకి నెట్టేసింది. ఇదంతా జరిగిపోయాక, ఆమె ఫోను తీసి ఇందిరాపురంలో ఉన్న హనుమాయమ్మకు చేసింది.

పేరు చూసి కొత్తవాళ్ళు నవ్వుకుంటారు గానీ, ఆ సంఘంలో హనుమాయమ్మను మించి మోకాళ్ళూని ప్రార్థన చేసే మనిషి లేదు. ఒంగోలు నుంచి సాఫ్టువేరు కొడుకు దగ్గరికి వచ్చిన కొత్తల్లో, "అమ్మా, ఆ పేరు మార్చుకోకూడదా" అని ఎవరో అడిగితే, "ప్రభువు ఈ పేరుతోనే పిలిచాడు నాయనా, మారిస్తే మళ్ళీ వెతుక్కోవాలి పాపం" అందట. జ్వరాలకీ, ట్రాన్స్‌ఫర్లకీ, వీసాలకీ అందరూ ఆమెకే ప్రార్థన మనవులు చెప్పుకుంటారు.

"మనవి ఒకటుందండీ" అంది దీనమ్మ ఆ రోజు. "బాప్తిస్మానికి సిద్ధపడుతున్న ఒక బిడ్డ... అన్యుల పిల్లాడితో స్నేహం పడిందేమోనని ఆ తల్లి ఏడుస్తోంది. పేరు మాత్రం అడక్కండి."

అవతల హనుమాయమ్మ లెక్కేసుకుంది.

ఈసారి బాప్తిస్మానికి పేరిచ్చింది ఇద్దరే. నేహా, సాత్విక.

"నీ బిడ్డ సంగతైతే నువ్వే నోటితో చెప్పుకుంటావులే అమ్మా" అంది హనుమాయమ్మ. "అర్థమైంది. సుభద్ర కూతురేగా? తండ్రి లేని పిల్ల. తల్లి నర్సుద్యోగం, రాత్రీపగలూ డ్యూటీలు. చూసేవాళ్ళెవరు?"

దీనమ్మ అవునూ అనలేదు. కాదూ అనలేదు.

ఆ కాస్త మౌనం చాలా సుఖంగా అనిపించింది అప్పుడు. ప్రార్థన అందాల్సిన చోటికి దేవుడే అందిస్తాడు, పేరుతో పనేముంది అనుకుంది. ఫోను పెట్టేసి ఆ సాయంత్రం కడుపునిండా అన్నం కూడా తిన్నది.

గురువారం స్త్రీల కూటంలో హనుమాయమ్మ చేతులు చాచి గొంతెత్తింది. పేరు చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆమె ఎప్పుడూ పేర్లు చెప్పదు. "నీళ్ళ అంచుదాకా వచ్చిన ఆ తండ్రి లేని బిడ్డను, ప్రభువా, ఆ పరాయి స్నేహం నుంచి లాగు" అని కన్నీళ్ళు పెట్టుకుంది. తండ్రి లేని బిడ్డ అనగానే మూసుకున్న కళ్ళన్నీ తెరుచుకున్నాయి. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. శనివారానికల్లా ఆ మాట సంఘ పెద్ద, డీకను సదాశివరావు గారి దాకా వెళ్ళింది.

*

కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో సుభద్ర. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్ల కోటు మడిచి చంకలో పెట్టుకుంది. కళ్ళ కింద నల్లగా పట్టేసింది.

"వందనాలక్కా."

"వందనాలమ్మా... రా. లోపలికి రా. టీ పెడతా."

"టీ వద్దు. కూర్చో అక్కా నువ్వు. నీతో ఒక మాట."

దీనమ్మ కూర్చోలేదు. టీ పెట్టడానికే వెళ్ళింది. సుభద్ర వెనకాలే వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్జుకి ఆనుకుని నిలబడింది.

"రాత్రి సదాశివరావు గారు ఫోను చేశారక్కా. పిల్లని ఈస్టరు దాకా ఆపుదాం అన్నారు. ఎందుకు సార్ అంటే, 'కొన్ని మాటలు వినపడుతున్నాయమ్మా' అన్నారు. ఏం మాటలు సార్ అంటే, 'నువ్వు డ్యూటీలో ఉంటావు, నీకు తెలీకపోవచ్చు' అన్నారు. నాకు తెలీదంట. నా పిల్ల సంగతి."

దీనమ్మ టీపొడి రెండుసార్లు వేసింది.

"హనుమాయమ్మ గారికి చేశాను. ఎవరు చెప్పారండీ అంటే, 'ప్రార్థన మనవి చెప్పినవాళ్ళ పేరు బయట పెట్టకూడదమ్మా, అది నమ్మకద్రోహం' అంది." సుభద్ర నవ్వింది. ఆ నవ్వు చూడలేక దీనమ్మ స్టవ్వు వైపు తిరిగింది. "నా పిల్ల పరువు మైకులో పెట్టొచ్చు. చెప్పినవాళ్ళ పేరు మాత్రం భద్రం."

"పెద్దావిడ... ఏదో మంచికే..."

"మంచికేలే. నేనూ కాదనను." సుభద్ర గొంతు తగ్గింది. "సాత్విక రాత్రంతా ఒకటే అడిగిందక్కా. 'నేనేం చేశానో చెప్పమ్మా, ఒప్పుకుంటాను' అని. చెయ్యని దాన్ని ఒప్పుకుంటానంటోంది, అందరూ తనని చూసే చూపు పోతే చాలంట. వాళ్ళ నాన్న పోయిన రోజున కూడా నాకు అంత భయం వెయ్యలేదు."

టీ పొంగి స్టవ్వు మీద పడింది. ఇద్దరిలో ఎవరూ గుడ్డ తీయలేదు.

"నువ్వు గురువారం ఉన్నావు కదక్కా. నీకేమన్నా తెలిసిందా? ఎవరి మీదన్నా అనుమానం ఉందా? నేనేం గొడవ పెట్టుకోను. ఒక్కసారి వాళ్ళ కాళ్ళు పట్టుకుని, కాదని చెప్పమని అడుగుతా."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. గొంతుదాకా వచ్చింది మాట. అదే క్షణంలో లోపలి గదిలోంచి ఎలియాజరు గొంతు వినిపించింది, "నేహా, టైమవుతోంది!" అని. చెబితే ఆ మాట ఆ గదిలో ఎట్లా పేలుతుందో దీనమ్మ కళ్ళకు కట్టింది.

"నాకేం తెలుసమ్మా" అంది.

సుభద్ర తల ఊపింది. నమ్మింది. అదే దీనమ్మకు తగిలింది, ఆ నమ్మడం.

నేహా గుమ్మంలో వచ్చి నిలబడింది. "ఆంటీ, నేను రానని చెప్పేశాను. సాత్విక లేకుండా నేను దిగను."

"అట్టా అనకు తల్లీ." సుభద్ర వెళ్ళి ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. "సాత్విక వస్తోంది. ఏమైనా సరే నిలబడి సాక్ష్యం చెప్తానంది. ఆపితే అందరి ముందే ఆపమంది. నువ్వు పక్కనుంటే దానికి ధైర్యం. నాకోసం రా అమ్మా."

నేహా పెదవి కొరుక్కుంది. గట్టు మీది తెల్ల చుడీదారు లాక్కుని గదిలోకి వెళ్ళిపోయింది.

"దేవుడు నీకు బంగారం లాంటి పిల్లనిచ్చాడక్కా" అంది సుభద్ర, చెప్పులేసుకుంటూ.

*

ఆ మందిరం వాళ్ళది కాదు. పొద్దున పూట హిందీ సంఘం వాడుకుంటుంది, మధ్యాహ్నం నుంచి తెలుగువాళ్ళకిస్తారు. వేదిక మీద చెక్కలు ఎత్తితే కింద సిమెంటు తొట్టి. ఫిబ్రవరి చలి ఇంకా గోడల్లోనే ఉంది. మగవాళ్ళు ప్యాంట్లు మడిచి, ట్యాంకరు నీళ్ళు వేడెక్కడానికి ఇమ్మర్షన్ రాడ్లు రెండు వేలాడదీశారు.

"అయ్యగారూ, దిగే ముందు కరెంటు తీసేస్తారుగా?" దీనమ్మ కాపరి నతానియేలును ఇప్పటికే రెండుసార్లు అడిగింది.

"రాడ్లు తీసి బయట పెట్టాకే దిగుతామమ్మా. మెయిను కూడా ఆపిస్తా. ముందు దిగేది నేనేగా?" ఆయన నవ్వాడు. "నా ప్రాణం కూడా నాకు తీపే."

మామూలుగా అయితే ఆ భయం ఆమెను రెండు గంటలు తినేది. ఈ రోజు దానికి చోటే లేదు.

ఎడమ పక్క ఆడవాళ్ళు, కుడి పక్క మగవాళ్ళు. సుభద్ర ముందు బెంచీలో ఒంటరిగా కూర్చుంది. పక్కన ఖాళీ ఉన్నా ఎవరూ కూర్చోలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు కూడా సర్దుకుంటూ వెనక్కే పోయారు. దీనమ్మ ఆ ఖాళీని చూసింది. వెళ్ళి మూడో బెంచీలో కూలబడింది.

వెనక నుంచి భుజం మీద ఒక చెయ్యి పడింది. హనుమాయమ్మ. వంగి, చెవి దగ్గర గుసగుసగా,

"నీ పేరు నా నోట రాలేదులే అమ్మా. చచ్చినా రాదు. నిశ్చింతగా ఉండు" అంది.

ఓదార్పుగానే అంది. దీనమ్మకు మాత్రం ఎవరో నోరు నొక్కినట్టయింది.

పాటలయ్యాయి. వాక్యమైంది. ఏం చెప్పారో ఒక్క ముక్క చెవికెక్కలేదు. తర్వాత తెల్లబట్టల్లో ఇద్దరు పిల్లలు వేదిక పక్కన నిలబడ్డారు. నేహా సాత్విక చెయ్యి పట్టుకుని ఉంది.

సాత్విక ముందు మాట్లాడింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు తడబడుతూ వచ్చింది. "మా డాడీ చనిపోయినప్పుడు... నాకు దేవుడి మీద చాలా గుస్సా... అంటే కోపం. చర్చికి వచ్చి వెనక కూర్చుని మాట్లాడేదాన్ని కాదు. తర్వాత, మెల్లిగా... ఎవరూ లేనప్పుడు ఆయన ఉన్నాడని తెలిసింది. అందుకే బాప్తిస్మం కావాలి." కాస్త ఆగింది. "నా గురించి ఏదో అంటున్నారంట. అదేంటో నాకు తెలీదు. తెలిస్తే చెప్పేదాన్ని."

మందిరంలో ఎవరో దగ్గారు.

నతానియేలు గారు మైకు అందుకునే లోపే మగవాళ్ళ వైపు నుంచి సదాశివరావు లేచాడు. చెడ్డమనిషి కాదు. ఊరికి కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబానికీ ఇల్లు వెతికిపెట్టే మనిషి. చేతులు ముందుకి కట్టుకుని నెమ్మదిగా అన్నాడు:

"అయ్యగారూ, ఇది శిక్ష కాదు. సంఘంలో కొన్ని మాటలు వచ్చాయి. ఈ బిడ్డని ఈస్టరు దాకా కనిపెట్టి చూద్దాం అని నా మనవి. చేతులెత్తే ముందు సభ్యులు ఆలోచించాలి."

"ఏ మాటలు సార్?" సుభద్ర లేచింది. "చూసినవాళ్ళెవరు? విన్నవాళ్ళెవరు? ఒక్కరు లేచి చెప్పండి. నా పిల్ల ఇక్కడే ఉంది, నేనూ ఇక్కడే ఉన్నాను."

ఎవరూ లేవలేదు.  

నతానియేలు గారు కళ్ళజోడు తీశాడు. "అమ్మ అడిగిన దాంట్లో న్యాయముంది. ఈ బిడ్డ గురించి స్వయంగా ఎరిగినవారు ఎవరైనా ఉంటే లేవండి. లేకపోతే ఆ మాట ఇక్కడితో సరి."

లేకపోతే సరి. అంటే తను లేవకపోయినా ఫరవాలేదు. దీనమ్మ మనసు ఆ సందు పట్టుకుంది. ఎవరూ లేవరు, సాత్వికకు చేతులెత్తుతారు, నేహాకూ ఎత్తుతారు, సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు.

కానీ సదాశివరావు కూర్చోలేదు. "స్వయంగా ఎరిగినవారు లేకుండా హనుమాయమ్మ గారి లాంటి మనిషి ప్రార్థనలో పెట్టరు కదండీ" అన్నాడు. ఆ మాటకు రెండు పక్కలా తలలు ఊగాయి. సాత్విక తల వంచుకుంది. అందరూ చూస్తుండగానే నేహా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది. నెమ్మదిగా, తన మరక స్నేహితురాలికి అంటుతుందేమోనన్నట్టు.

దీనమ్మ ఎప్పుడు లేచిందో ఆమెకే తెలీదు.

"అయ్యగారూ."

అందరూ అటు తిరిగారు.

"ఆ మనవి నాది."

వెనక హనుమాయమ్మ "హవ్వ" అంది.

"హనుమాయమ్మ గారికి ఫోను చేసింది నేనే. ఒక బిడ్డ గురించి ప్రార్థన చెయ్యమన్నా. పేరు చెప్పలేదు. అది సాత్విక కాదు." నేహా వైపు చూసింది. "అది నా బిడ్డ. నా నేహా గురించి చెప్పుకున్నా."

"అయ్యో, సాత్వికేగా అని నేనడిగితే కాదనలేదే నువ్వు!" హనుమాయమ్మ పెద్దగానే అనేసింది.

"అనలేదమ్మా. మీరడిగారు, నేను నోరు మూసుకున్నా. ఇయ్యాల పొద్దున సుభద్ర నా ఇంటికొచ్చి అడిగినా మూసుకున్నా." అటు తిరిగింది. సుభద్ర మొహంలో కోపం ఉంటుందనుకుంది. కోపం లేదు. ఏమీ లేదు. తెలియని మనిషిని చూసినట్టు చూస్తోంది. "భయమమ్మా నాకు. నా పిల్ల పేరు పోతుందని భయం. నీ పిల్ల పేరు పోతుంటే చూస్తా కూర్చున్నా."

సదాశివరావు కూర్చుండిపోయాడు. దీనమ్మా కూర్చుంది.

కాపరి ఎక్కువ మాట్లాడలేదు. "సాత్వికను సంఘంలోకి అంగీకరించే సభ్యులు చేతులెత్తండి" అన్నాడు. చేతులు లేచాయి, ఒక్కసారిగా, రెండు పక్కలా. హనుమాయమ్మ ఏడుస్తూ రెండు చేతులూ ఎత్తింది. సదాశివరావు చెయ్యి ఆఖరున లేచినా, అందరికంటే ఎత్తున లేచింది.

సుభద్ర మాత్రం కూతురి వైపు కూడా చూడకుండా నిలబడే ఉంది.

కుడి పక్క చూడటానికి దీనమ్మకు ధైర్యం చాలలేదు. అయినా చూసింది. ఎలియాజరు మొహం పాలిపోయింది. చేతిలో బైబిలు మూసి, దాని మీద రెండు చేతులూ బిగించి కూర్చున్నాడు. పక్కవాళ్ళు ఏదో అడుగుతుంటే తల కూడా తిప్పడం లేదు.

"అమ్మా నేహా" అన్నాడు నతానియేలు గారు మెల్లిగా. "నీ సాక్ష్యం వినాలి. అమ్మ చెప్పిన దానికి నువ్విప్పుడే జవాబివ్వాలని లేదు. తర్వాత నా దగ్గరికి వచ్చినా..."

"ఇప్పుడే చెప్తాను అంకుల్."

నేహా మైకు తీసుకుంది. తల్లి వైపు చూడలేదు. దీనమ్మ మనసులో ఒకటే మొర. అబద్ధం కావాలి. ఇన్నాళ్ళూ నేను భయపడినవన్నీ అబద్ధాలేగా, ఇదీ అబద్ధమనే చెప్పాలి. పిచ్చిది మా మమ్మీ, ప్రతిదానికీ భయమే అనాలి. అందరూ నవ్వాలి.

"మమ్మీ చెప్పింది సచ్. నిజమే" అంది నేహా. "రఘునందన్ అని మా కాలేజీ. మన చర్చి కాదు. మన మతం కాదు. మాట్లాడుకుంటాం. అది ప్రేమో కాదో నాకే ఇంకా తెలీదు. ఈ రోజు చెప్పకుండా దిగిపోదామనుకున్నాను. నా పేరు మీద రావాల్సింది సాత్విక మీద పడిందని నాకు తెలీదు." మైకు రెండు చేతులా పట్టుకుంది. "ప్రభువుని నమ్మడం మాత్రం అబద్ధం కాదు అంకుల్. అది వేరే ఎవరి కోసమూ కాదు. దాచిపెట్టి నీళ్ళలోకి దిగలేను. దాచకుండా దిగనిస్తే, దిగుతాను."

మందిరమంతా గుసగుసలు పాకాయి.

ఎలియాజరు లేచాడు. "అయ్యగారూ, నా కూతురికి ఈ రోజు వద్దు."

"ఎలియాజరు గారూ..."

"వద్దన్నాను. పోయిన పరువు చాలు. బట్టలు మార్చుకుని రమ్మనండి."

నతానియేలు గారు ఎలియాజరు వైపు తిరిగాడు. "అన్నా, మన పద్ధతి మీకు తెలుసు. తల్లిదండ్రులు తీసుకొచ్చి ఇచ్చేది కాదిది, తల్లిదండ్రులు వెనక్కి తీసుకునేదీ కాదు. అడిగింది ఆ బిడ్డ. జవాబు చెప్పాల్సింది సంఘం." నేహా వైపు తిరిగాడు. "ఇంకా అడుగుతున్నావా అమ్మా?"

"అడుగుతున్నాను."

"అయితే, నేహాను అంగీకరించే సభ్యులు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

కొందరు ఒళ్ళో పాటల పుస్తకాలు తిరగేశారు. సదాశివరావు కళ్ళు మూసుకున్నాడు. హనుమాయమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. సాత్విక చెయ్యెత్తబోయి, తనింకా సభ్యురాలు కాదని గుర్తొచ్చి, దించేసింది. మిగతా అందరి చూపులూ వచ్చి మూడో బెంచీ మీద వాలాయి. కన్నతల్లి ఏం చేస్తుందో చూసి, అప్పుడు ఆలోచిద్దామన్నట్టు.

ఇందాక మాట్లాడటానికి లేచిన ఒళ్ళే ఇది. ఇప్పుడు చెయ్యి మాత్రం రాయిలా ఒళ్ళో పడి ఉంది. ఎత్తితే రఘునందన్‌కి ఒప్పుకున్నట్టా? ఎత్తకపోతే, కూతురి నమ్మకం కూడా అబద్ధమేనని సంఘం ముందు సంతకం పెట్టినట్టా?

నేహా మొదటిసారి తల్లి వైపు చూసింది. అడిగే చూపు కాదు. అడగడం మానేసిన చూపు.

దీనమ్మ చెయ్యెత్తింది.

"దీనా!" కుడి పక్క నుంచి భర్త గొంతు. దేవుడి మందిరంలో ఆయన అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. "చెయ్యి దించు."

దించలేదు.  ఇంకో చేత్తో దాన్ని కిందనుంచి పట్టుకుని నిలబెట్టింది. ఎలియాజరు బైబిలు చంకన పెట్టుకుని, బెంచీల మధ్య నుంచి నడిచి తలుపు వైపు వెళ్ళాడు. చెప్పులు వెతుక్కునే చప్పుడు, ఆ తర్వాత తలుపు.

అంత పెద్ద హాల్లో ఎత్తిన చెయ్యి ఒక్కటే.

అప్పుడు ముందు బెంచీ దగ్గర, ఇందాకటి నుంచీ నిలబడే ఉన్న సుభద్ర మెల్లిగా వెనక్కి తిరిగింది. ఒక్కొక్క బెంచీ దాటుకుంటూ దీనమ్మ దగ్గరికి నడిచి వచ్చింది. ఎదురుగా నిలబడి ఆ ఎత్తిన చేతిని చూసింది, తర్వాత ఆ మొహాన్ని చూసింది.

"పొద్దున ఎత్తాల్సిన చెయ్యక్కా ఇది" అంది.

పక్కకు జరగమని సైగ చేసి, ఆ బెంచీలోనే కూర్చుంది. రెండు చేతులూ తన ఒళ్ళోనే పెట్టుకుంది.